అటూ ఇటూ ఎంత?

*ధాన్యం తేమ పదిహేడా, పద్దెనిమిదా? గోదావరి వరద పదిహేను లక్షలా, పదహారా? చెరువులో రొయ్య యాభై కౌంటా, యాభై రెండా? డెల్టాలో డబ్బులూ ప్రాణాలూ అంకెల మీద ఆధారపడి ఉంటాయి. ప్రతి అంకె వెనకా చిన్న మాట ఒకటి దాక్కుని ఉంటుంది: ‘కాస్త అటూ ఇటూగా’. ఆ మాట సంగతే ఈ వారం ముఖచిత్ర కథనం.*

సార్వా మాసూళ్ల రోజుల్లో డెల్టాలో ఏ ఊరి రోడ్డెక్కినా ఈ దృశ్యం కనిపిస్తుంది. తారురోడ్డుకి ఒక పక్కంతా బరకాలు, వాటి మీద ధాన్యం. ఆకాశం కేసి చూస్తూ రైతు కాళ్లతో గింజలు తిరగేస్తుంటాడు. కొనుగోలు కేంద్రం కుర్రాడు తేమ మీటరు పట్టుకుని వస్తాడు. రాశి పైనుంచి గుప్పెడు గింజలు తీసి మీటరు గిన్నెలో పోసి, మర బిగించి, బటన్ నొక్కుతాడు. 16.8 అని చూపిస్తుంది. రాశి లోపలి నుంచి ఇంకో గుప్పెడు తీస్తే 18.1. పక్కనుంచి మూడో గుప్పెడు తీస్తే 17.4.

“రాశి ఒకటే కదండీ, మీ మిషను మూడు మాటలు చెబుతాదేంటండీ?” అంటాడు రైతు.

“కాస్త అటూ ఇటూ ఉంటది బాబాయ్.”

“అదే, ఆ అటూ ఇటూ ఎంతో చెప్పు. కాటా దగ్గరికొచ్చేసరికి నాకెప్పుడూ ‘అటే’ పడతాది. ‘ఇటు’ ఎప్పుడూ పడదు.”

కొలత శాస్త్రం మీద వెలువడిన లావుపాటి పుస్తకాలన్నీ జవాబు చెప్పడానికి ప్రయత్నించేది ఈ ప్రశ్నకే. శాస్త్రవేత్తలు దీన్ని కొలతలో అనిశ్చితి అంటారు. మనం సుమారు అంటాం, రమారమి అంటాం, అటూ ఇటూగా అంటాం. తేడా ఒక్కటే. మనం మాట అని ఊరుకుంటాం. వాళ్లు ఆ ‘అటూ ఇటూ’కి కూడా ఒక అంకె వేయాలంటారు.

ఒక్క శాతం ఖరీదు

ప్రభుత్వం మద్దతు ధరకు కొనే ధాన్యంలో తేమ 17 శాతం దాటకూడదు. 2025–26 సీజన్‌కి సాధారణ రకం ధర క్వింటాకు 2,369 రూపాయలు. డెల్టా లెక్కలో బస్తా 75 కిలోలు. ఎకరానికి ముప్పై బస్తాలు పండాయనుకుంటే 2,250 కిలోలు.

ఇప్పుడు ఆ ధాన్యం తేమ 18 శాతం అనుకుందాం. వంద కిలోల్లో నీరు పోగా మిగిలే పొడి సరుకు 82 కిలోలు. దాన్ని 17 శాతానికి ఆరబెడితే మొత్తం బరువు 98.8 కిలోలకు దిగుతుంది. అంటే క్వింటాకు కిలో రెండు వందల గ్రాములు పోయినట్టు. ఎకరానికి 27 కిలోలు. డబ్బుల్లో 640 రూపాయల పైమాట. ఐదెకరాల కౌలు రైతుకి మూడు వేల పైచిలుకు. మీటరు ఒక్క శాతం అటు జరిగితే పడే దెబ్బ ఇది. ఇంకో రెండు రోజులు ఆరబెట్టే కూలి, మధ్యలో వాన పడితే తడిసిన బస్తాలు, తిప్పి పంపిన లారీ కిరాయి ఇందులో కలపలేదు.

అందుకే రైతు మీటరు వైపు అంత అనుమానంగా చూసేది. ఆ అనుమానంలో న్యాయం ఉంది. కాకపోతే నింద మీటరు ఒక్కదాని మీదా మోపాల్సింది కాదు.

చెదురు వేరు, ఒరుగు వేరు

ఆ మీటరు నీటిని నేరుగా చూడదు. గింజల గుండా విద్యుత్ క్షేత్రం ఎలా పోతోందో చూస్తుంది. ఆ గుణాన్ని డైఎలెక్ట్రిక్ స్థిరాంకం అంటారు. నీటికి అది చాలా ఎక్కువ, సుమారు 80. పొడి గింజకు రెండు మూడు నుంచి ఐదు లోపు. కాబట్టి తేమ పెరిగితే మీటరుకి వెంటనే తెలుస్తుంది. అయితే గింజ వేడిగా ఉంటే అంకె మారుతుంది. మర గట్టిగా బిగిస్తే మారుతుంది, రకం మారితే మారుతుంది. మధ్యాహ్నం తారురోడ్డు మీంచి తీసిన వేడి గింజకీ, నీడలో చల్లారిన గింజకీ ఒకే లెక్క పెడితే మీటరు రెండు సమాధానాలు చెబుతుంది.

అసలు తేమ తేల్చాలంటే ప్రయోగశాలలో ఓవెన్ పద్ధతి ఉంది. గింజను మర పట్టి, తూచి, సుమారు 130 డిగ్రీల వేడిలో రెండు గంటలు ఉంచి, మళ్లీ తూస్తారు. తగ్గిన బరువే తేమ. రోడ్డు మీద అది కుదరదు కాబట్టి మీటరు. మీటరుని మాత్రం అప్పుడప్పుడూ ఓవెన్ ముందు నిలబెట్టి సరిచూసుకోవాలి.

ఇక్కడ రెండు రకాల తేడాలున్నాయి. మూడు గుప్పెళ్లు తీస్తే మూడు అంకెలు రావడం ఒక రకం. ఇది చెదురు. ఎన్ని ఎక్కువ సార్లు కొలిచి సగటు తీస్తే అంత తగ్గుతుంది. మీటరు ఎప్పుడూ ఒకే దిక్కుకి, ఉదాహరణకు అర శాతం ఎక్కువగానే చూపించడం రెండో రకం. ఇది ఒరుగు. వెయ్యి సార్లు కొలిచినా ఇది తగ్గదు. ఒకపక్కకి ఒరిగిన కాటాలో వంద బస్తాలు తూస్తే వంద తప్పులూ ఒకే వైపు పోగవుతాయి. చెదురుకి మందు ఓపిక. ఒరుగుకి మందు ఇంకో నమ్మకమైన కొలతతో పోల్చుకోవడం.

రొయ్యల చెరువు గట్టు మీద ఈ రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. భీమవరం చుట్టుపక్కల వనామి ధర పలికేది కౌంటు మీద. కౌంటంటే కిలోకి ఎన్ని రొయ్యలో ఆ సంఖ్య. కౌంటు తగ్గితే రొయ్య పెద్దది, ధర ఎక్కువ. పట్టుబడికి ముందు విసురువల వేసి, కిలో తూచి లెక్కపెడతారు. యాభై వచ్చాయనుకోండి. రొయ్యలన్నీ ఒకే బరువు ఉండవు. సగటు చుట్టూ పదిహేను శాతం మేర చెదిరి ఉన్నాయనుకుంటే, యాభై రొయ్యల నమూనాలో ఆ పదిహేనుని యాభై వర్గమూలంతో, అంటే ఏడుతో భాగించాలి. రెండు శాతం వస్తుంది. అంటే ఒక కౌంటు. నూటికి తొంభై ఐదు సార్లు నిలబడే మాట చెప్పాలంటే దాన్ని రెట్టింపు చేయాలి. కాబట్టి ‘50 కౌంటు’ అన్నది నిజానికి ‘48కీ 52కీ మధ్య’. నాలుగు చోట్ల నాలుగు కిలోలు తూస్తే ఆ వెడల్పు సగానికి తగ్గుతుంది. ఇంకా సగం చేయాలంటే పదహారు కిలోలు తూచాలి. కొలతలో కచ్చితత్వం ఇలా పిసినారిలా పెరుగుతుంది. నాలుగింతల కష్టానికి రెండింతల ఫలితం.

అదే వలని నాలుగు సార్లూ మేత వేసే చోటే విసిరితే? అక్కడికి చేరేవన్నీ బలిసిన రొయ్యలైతే నాలుగు నమూనాలూ కలిసికట్టుగా అబద్ధం చెబుతాయి. అంకెలు దగ్గర దగ్గరగా వచ్చాయని మనం సంతోషిస్తాం. అది ఒరుగు. నమూనాల సంఖ్య పెంచినా పోదు, చెరువులో చోటు మారిస్తేనే పోతుంది.

లెక్క ఇలా వేస్తారు

మొదట్లో చెప్పిన మూడు గుప్పెళ్ల దగ్గరికి వెళ్దాం. 16.8, 18.1, 17.4. సగటు 17.4. చెదురు చూస్తే ఒక్కో కొలత సగటు నుంచి సుమారు 0.65 మేర తప్పుకుంటోంది. మూడు కొలతల సగటు కాబట్టి దాన్ని మూడు వర్గమూలంతో భాగిస్తే 0.4. ఇది మొదటి పద్దు. మీటరుని ఓవెన్‌తో పోల్చినప్పుడు తేలిన సందేహం 0.5 అనుకుందాం. ఇది రెండో పద్దు.

రెండింటినీ నేరుగా కూడరు. రెండూ ఒకేసారి ఒకే దిక్కుకి పూర్తిగా లాగే అవకాశం తక్కువ. అందుకని ఒక్కోదాన్నీ వర్గం చేసి, కూడి, వర్గమూలం తీస్తారు. లంబకోణ త్రిభుజంలో కర్ణం కనుక్కున్నట్టే. జవాబు 0.6 పైచిలుకు. తొంభై ఐదు శాతం నమ్మకానికి రెట్టింపు చేస్తే 1.2 దాకా వస్తుంది. నమూనాలు మూడే కాబట్టి నిజానికి ఇంకాస్త ఎక్కువే వేసుకోవాలి.

కాబట్టి నిజాయతీగా రాయాల్సిన రసీదు ఇది: తేమ 17.4 శాతం, అటూ ఇటూ 1.2. అంటే అసలు తేమ 16.2 కావచ్చు, 18.6 కూడా కావచ్చు. ఈ ధాన్యం 17 దాటిందని ఆ మీటరు సాక్ష్యంతో తేల్చలేం. దాటలేదనీ తేల్చలేం. ‘17.4, రిజెక్ట్’ అని రాస్తే అందులో సగమే కొలత. మిగతా సగం తీర్పు.

ఈ లెక్కకి ప్రపంచమంతా ఒప్పుకున్న పద్ధతి వచ్చి ఎన్నాళ్లో కాలేదు. ఒక్కో ప్రయోగశాల ఒక్కో తీరున అనిశ్చితి రాస్తుంటే, అంతర్జాతీయ తూనికలు కొలతల సంస్థ పూనుకుని 1980లో ఒక దారి సూచించింది. దాని మీద మరికొన్ని అంతర్జాతీయ సంస్థలతో కలిసి తయారైన మార్గదర్శిని 1993లో వెలువడింది. ఇవాళ సిమెంటు బలం పరీక్షించే ల్యాబు నుంచి రక్తంలో చక్కెర చూసే ల్యాబు దాకా, గుర్తింపు కావాలంటే ఆ పద్ధతిలోనే తన సందేహం తాను చెప్పుకోవాలి.

గోదావరిని తూచేదెలా?

ధాన్యం రాశికే ఇంత కథ ఉంటే, మరి నదికి?

ధవళేశ్వరం దగ్గర గోదావరి నాలుగు చేతులుగా ఆనకట్ట దాటుతుంది: ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. కాటన్ దొర 1852 నాటికి పూర్తి చేసిన ఆనకట్ట స్థానంలో 1982 నాటికి కొత్త బ్యారేజీ వచ్చింది. నాలుగు చేతులకూ కలిపి 175 గేట్లు. వరద రోజుల్లో జిల్లా అంతా ఒకే అంకె కోసం చెవులు రిక్కిస్తుంది. బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఆ మట్టాలతో పాటు చెప్పుకునే ప్రవాహాలు సుమారు 10, 13, 17 లక్షల క్యూసెక్కులు.

ఈ అంకెల్ని పక్కపక్కన పెట్టి చూడండి. రెండో హెచ్చరికకీ మూడోదానికీ మధ్య నాలుగడుగులు, నాలుగు లక్షల క్యూసెక్కులు. అంటే అడుగుకి లక్ష, అంగుళానికి ఎనిమిది వేల పైన. ఖరీఫ్‌లో తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టా కాలువలు మూడింటికీ కలిపి వదిలే నీరు పదిహేను వేల క్యూసెక్కులకి అటూ ఇటూగా ఉంటుంది. గేజీ మీద రెండంగుళాలు తప్పు చదివితే డెల్టా కాలువలన్నీ కలిపినంత నీరు కాగితం మీద పుడుతుంది, లేదా మాయమవుతుంది. వరదలో నీరు నిలకడగా ఉంటుందా? అల లేస్తుంది, పడుతుంది. స్తంభం మీద గీసిన స్కేలు దగ్గర నిలబడ్డ మనిషి అల పైఅంచూ కిందిఅంచూ చూసి నడిమి అంకె పట్టుకోవాలి. అది అర్ధరాత్రి వానలో, టార్చిలైటు వెలుగులో.

మట్టం చదవడం సులువైన పని. దాన్ని ప్రవాహంగా మార్చడమే కష్టం. అడ్డుకట్ట మీంచి నీరు స్వేచ్ఛగా దూకుతుంటే దానికో సూత్రం ఉంది. అందులో నీటి ఎత్తు ఒక శాతం తప్పితే ప్రవాహం ఒకటిన్నర శాతం తప్పుతుంది. పెద్ద వరదలో ఆ స్వేచ్ఛ ఉండదు. గేట్లన్నీ పైకి లేపేస్తారు. దిగువ నీరు కూడా లేచి వెనక్కి ఒత్తుతుంది. అప్పుడు సూత్రానికి మరో గుణకం కావాలి, ఆ గుణకానికీ దాని సందేహం దానికుంటుంది.

ఎగువన కేంద్ర జల సంఘం మనుషులు చేసే పని ఇంకో తీరు. నదిని అడ్డంగా చాలా నిలువు చారలుగా విభజించి, ఒక్కో చారలో లోతు చూసి, కరెంట్ మీటరు దింపి వేగం కొలుస్తారు. ఒకే చోట దింపితే నీటి మట్టం నుంచి లోతులో పదింట ఆరు వంతుల కిందికి, రెండు చోట్లయితే పదింట రెండు వంతులకీ ఎనిమిది వంతులకీ. ఇప్పుడు ధ్వని తరంగాలతో నీటి వేగం చూసే డాప్లర్ పరికరాలూ వచ్చాయి. ఇలా పలు మట్టాల దగ్గర కొలిచి ఒక గీత గీసుకుంటారు, ఈ మట్టానికి ఇంత ప్రవాహమని. అన్ని జాగ్రత్తలూ తీసుకున్నా కరెంట్ మీటరు కొలతలో ఐదు శాతం అటూ ఇటూ మామూలే. చెట్లూ దుంగలూ కొట్టుకొచ్చే పెను వరదలో పడవ దిగదు. అప్పుడు గీతను ముందుకి పొడిగించి చదువుతారు, లేదా నీటి మీద తేలే వస్తువు వేగం చూసి లెక్క కడతారు. అలాంటప్పుడు తేడా పది శాతానికీ, ఇంకా పైకీ పోవచ్చు. దీనికి తోడు గోదావరి అడుగు రాయి కాదు, ఇసుక. ఒక వరద కోస్తుంది, ఇంకో వరద మేట వేస్తుంది. నిరుడు గీసిన గీత ఈ ఏడు నదికి సరిగ్గా అతకదు.

ఇప్పుడు వార్తల్లో వచ్చే అంకె చూడండి. ‘15,43,276 క్యూసెక్కులు సముద్రంలోకి’ అన్నట్టుగా ఏడంకెలు చివరి ఆరు దాకా చదివేస్తారు. పదిహేను లక్షలకి ఐదు శాతం అంటే డెబ్బై ఐదు వేలు. అంకెలో మొదటిదాని మీద నమ్మకం ఉంచొచ్చు, రెండోదానికి ఊగిసలాట. మిగతా ఐదూ నది చెప్పినవి కావు, గుణకారం చేసిన యంత్రం చెప్పినవి. ఆ డెబ్బై ఐదు వేల క్యూసెక్కుల సందేహం ఒక రోజంతా పారితే ఆరున్నర టీఎంసీలు. బ్యారేజీ నిల్వ సామర్థ్యం మూడు టీఎంసీల లోపే. అంటే ఒక్క రోజు ‘అటూ ఇటూ’తో బ్యారేజీని రెండు సార్లు నింపొచ్చు.

మరి లంకల్లో ఉండేవాళ్లకి ఈ అంకెలు పనికిరావా? పనికొస్తాయి, వాడే తీరుంటుంది. వరద వచ్చిన రాత్రి లంక పెద్దాయన నీటి అంచున కర్ర పాతుతాడు. గంట ఆగి ఎంత మునిగిందో చూస్తాడు. “గంటకి బెత్తెడు లేత్తంది, తెల్లారేసరికి అరుగెక్కుద్ది” అంటాడు. నది మొత్తం ఎంతో ఆయనకి అక్కర్లేదు. తేడా కావాలి. ఒకే కర్రతో రెండుసార్లు చూసినప్పుడు ఆ కర్రలో ఉన్న ఒరుగు రెండు కొలతల్లోనూ ఉంటుంది, తీసివేతలో కొట్టుకుపోతుంది. బ్యారేజీ గేజీకీ అంతే. ఒకే గేజీ, ఒకే పట్టికతో ‘నిన్నటికంటే అర లక్ష పెరిగింది’ అన్న మాట, ‘మొత్తం ఇంత’ అన్న మాటకంటే గట్టిది. ఏ పాఠ్యపుస్తకమూ చదవకుండా లంక మనిషి పట్టుకున్న సూత్రం ఇది.

ముప్పై ఆరా, యాభయ్యా?

జరిగిన వరదకే ఇంత సందేహముంటే జరగబోయే వరద సంగతేంటి? పోలవరం స్పిల్‌వేకి మొదట అనుకున్న వరద 36 లక్షల క్యూసెక్కులు. 1986 ఆగస్టులో గోదావరి ధవళేశ్వరం దగ్గరే 35 లక్షలు దాటింది. భద్రాచలం దగ్గర 75 అడుగులు దాటింది. ఆ తర్వాత లెక్కలు తిరగేసి, రాగల గరిష్ఠ వరద 50 లక్షల క్యూసెక్కులుగా కేంద్ర జల సంఘం అంచనా కట్టింది. 48 గేట్ల స్పిల్‌వే దానికి తగ్గట్టే కట్టారు. ముంపు ఎంత మేరకొస్తుందని ఎగువ రాష్ట్రాలు అడుగుతున్న ప్రశ్నల్లో ఈ అంకె కూడా ఉంది.

రెండు అంకెల మధ్య తేడా 14 లక్షలు. ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక నాటి గోదావరి మొత్తం కంటే ఎక్కువ. మొదటి లెక్క వేసినవాళ్లు తెలివితక్కువవాళ్లు కారు. వందేళ్ల పైచిలుకు రికార్డులతో వెయ్యేళ్ల, పది వేల ఏళ్ల వరదని ఊహించడమంటే, నాలుగు నెలల పసిబిడ్డ ఎత్తు చూసి పాతికేళ్లప్పుడు ఎంత పొడుగవుతాడో చెప్పడం లాంటిది. చెప్పొచ్చు. ఎంత అటూ ఇటూగా చెబుతున్నామో మరిచిపోకూడదు, అంతే.

మనవాళ్లూ కొలిచారు

ఈ శాస్త్రానికీ మనకీ చుట్టరికం పాతదే. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పేరు మందుల చరిత్రలో అందరికీ తెలుసు. ఆయన తొలి పేరు ఒక కొలతతో వచ్చింది. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో రంగు చూసి చెప్పే పద్ధతి 1925లో ప్రచురించారు. ద్రావణం నీలంగా మారుతుంది. ఫాస్ఫరస్ ఎంత ఎక్కువుంటే నీలం అంత ముదురు. ఆ ముదురుని, ఎంతుందో ముందే తెలిసిన ద్రావణం రంగుతో పోల్చి చూడాలి. తెలియనిదాన్ని తెలిసినదాని పక్కన పెట్టడం. కొలత మొత్తం ఇందులోనే ఉంది.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. చేసిన కల్యంపూడి రాధాకృష్ణారావు ఇంకో మెట్టెక్కారు. 1945లో, పాతికేళ్ల వయసులో, కలకత్తాలో ఆయన నిరూపించిన ఫలితం ఇవాళ స్వీడన్ గణితవేత్త క్రామెర్ పేరుతో జోడించి క్రామెర్–రావు హద్దుగా ప్రపంచమంతా చదువుతోంది. ఒరుగు లేని లెక్క ఎంత తెలివిగా వేసినా, చేతిలో ఉన్న సమాచారంతో సందేహాన్ని ఇంతకంటే తగ్గించలేరని చెప్పే గట్టు అది. గట్టు ఎక్కడుందో తెలిస్తే, అంతకు మించి కచ్చితంగా చెబుతున్నానన్నవాణ్ని అనుమానించొచ్చు. 2023లో గణాంకశాస్త్రంలో అంతర్జాతీయ బహుమతి అందుకుని, అదే ఏడు ఆగస్టులో 102 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు.

పశ్చిమ గోదావరి మారుటేరులోని వరి పరిశోధన కేంద్రం స్వర్ణ వంటి రకాన్ని దేశానికిచ్చింది. అలాంటి చోట కొత్త రకాన్ని ఒక మడిలో వేసి దిగుబడి చూసి ఊరుకోరు. చీట్లు తీసినట్టు వరస మార్చి పలు మళ్లలో వేస్తారు. మళ్ల మధ్య ఎంత చెదురుందో లెక్కగట్టి, రెండు రకాల తేడా దానికంటే తక్కువైతే తేడా లేనట్టే అంటారు. తన సందేహం తాను ముందే చెప్పుకునే పద్ధతి మన పొలాల్లోనే ఉంది.

ఊళ్లో కాటాకీ ఇలాగే ఒక గొలుసుంది. కాటా మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉంటుంది. ఆ శాఖ రాళ్లని అంతకంటే నమ్మకమైన రాళ్లతో పోలుస్తారు. అలా పైకి పోతే ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల. అక్కడ 57వ నంబరు ప్లాటినం–ఇరిడియం దిమ్మ మన దేశపు కిలో. దాని మాతృక పారిస్ శివార్లలో ఉంది. వందేళ్లలో ఆ మాతృకకీ దాని నకళ్లకీ మధ్య సుమారు 50 మైక్రోగ్రాముల తేడా వచ్చిందని తేలాక, 2019 మే 20 నుంచి కిలోని దిమ్మకి కాకుండా ప్లాంక్ స్థిరాంకానికి ముడివేశారు. ప్రపంచపు కిలోకే అటూ ఇటూ తప్పలేదు. ఊరి కాటాకి ఉండదంటే ఎలా నమ్ముతాం?

కొసరు ఎవరికి, తరుగు ఎవరికి?

పాతకాలం సంతలో కుంచంతో, సోలతో కొలిచేవాడు చివర్లో గుప్పెడు కొసరు వేసేవాడు. అది దయ కాదు, వ్యాపార మర్యాద. నా కొలతలో ఏ కాస్త తక్కువ వచ్చినా నష్టం నీకు రాకూడదని. సందేహపు భారం అమ్మేవాడు మోసేవాడు. చట్టంలోనూ ఇలాంటి సర్దుబాటు ఉంది. పెట్రోలు బంకులో ఐదు లీటర్ల కొలపాత్రతో సరిచూసినప్పుడు 25 మిల్లీలీటర్ల దాకా తేడాని ఒప్పుకుంటారు. జర్మనీలో రోడ్డు మీద కెమెరా మీ కారు వేగం కొలిస్తే, వంద కిలోమీటర్ల లోపు వేగానికి మూడు కిలోమీటర్లు తగ్గించాకే జరిమానా లెక్క వేస్తారు. యంత్రం సందేహం యంత్రం పెట్టినవాడిదే, పౌరుడిది కాదని.

ధాన్యం దగ్గరికొచ్చేసరికి ఈ మర్యాద తిరగబడింది. అమ్మేవాడు రైతు కాబట్టి కొసరు ఆయనే వేయాలి. కొనేవాడు తేమ పేరిట, తాలు పేరిట, గోనె బరువు పేరిట తరుగు తీస్తాడు కాబట్టి ఆ భారమూ రైతుదే. రెండు వైపుల సందేహమూ ఒకే భుజం మీద. ‘నాకెప్పుడూ అటే పడతాది’ అన్న మాటకి అర్థం ఇదే.

కొలతలో సందేహాన్ని ఎవరూ పూర్తిగా తుడిచేయలేరు. చెప్పకుండా దాచొచ్చు. దాస్తే అది ఎక్కడికీ పోదు, నోరు లేనివాడి మీదికి జరుగుతుంది. అందుకే దాన్ని రాయమని అడగాలి. రాశాక అది ఎవరు మోయాలో తేల్చొచ్చు. వరదలో అయితే పై అంచు పట్టుకోవాలి. మట్టం 17.5 ఉండి, అటూ ఇటూ అర అడుగుంటే లంకలు ఖాళీ చేయించాల్సిందే. అనవసరంగా లేపారన్న విసుగు తెల్లారితే పోతుంది, పోయిన ప్రాణం రాదు. ధాన్యంలో అయితే కింది అంచు పట్టుకోవాలి. హద్దు దాటిందని మీటరు గట్టిగా చెప్పలేనప్పుడు సందేహపు లాభం రైతుకివ్వాలి. సందేహం ఒకటే, పట్టుకోవాల్సిన కొస మాత్రం ఎవరికి ఎక్కువ నష్టమో దాన్ని బట్టి మారుతుంది.

దీనికి కోట్లు అక్కర్లేదు. రాశికి ఒక గుప్పెడు కాకుండా పైనా, నడుమా, అడుగునా కలిపి ఐదు గుప్పెళ్లు తీసి, అన్ని అంకెలూ రైతు ముందే రాయాలి. గింజ చల్లారాకే మీటరులో పోయాలి. సీజనుకి ముందొకసారి, నడుమ ఒకసారి ఊరి మీటర్నీ మిల్లు మీటర్నీ ఒకే ధాన్యంతో ఒకే ఓవెన్ ముందు పరీక్షించి, తేడా ఎంతో మీటరు మీదే చీటీ అంటించాలి. వరద బులెటిన్‌లో ఏడంకెలు మాని ‘పదిహేను లక్షలు, అటూ ఇటూ లక్ష, పెరుగుతోంది’ అని రాయాలి. రొయ్యల గట్టు మీద ఒక వలకి బదులు నాలుగు మూలలా నాలుగు వలలు వేయాలి.

దాళ్వా మాసూళ్లు మళ్లీ వస్తాయి. బరకాల పక్కన మీటరు మళ్లీ మోగుతుంది. కుర్రాడు అంకె చెప్పగానే ఒప్పుకోకండి, కొట్లాటకీ దిగకండి. ‘అటూ ఇటూ ఎంత?’ అని అడగండి. చెప్పిన దాన్ని రసీదు మీద రాయించుకోండి.